పట్టి వదిలేసిన చేప

వాంకూవర్ పరిసరాల్లో ఉండే మనవాళ్ళకి ఫ్రేజర్ నది అనగానే పోర్ట్‌మాన్ బ్రిడ్జి మీద ట్రాఫిక్కే గుర్తొస్తుంది. ఆ నీటి అడుగున మన తాతల వయసున్న చేపలు తిరుగుతుంటాయని నాకు చూపించినవాడు మా మిత్రుడు.

వాడిది యానాం దగ్గర గోదావరి ఒడ్డున ఒక పల్లెటూరు. కాకినాడలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు మాది ఒకటే గది. ఇక్కడా రెండు వీధుల అవతలే వాళ్ళ ఇల్లు. 2018లో వాళ్ళ అమ్మగారికి ఆరోగ్యం దెబ్బతిని, ఒంటరిగా ఉండలేని పరిస్థితి వచ్చింది. సంసారమంతా సర్దుకుని తిరిగి వెళ్ళిపోవాలని వాడు నిశ్చయించుకున్నాడు. వెళ్ళేముందు నీకేం చెయ్యమంటావురా అని అడిగితే, "పార్టీలూ శాలువాలూ వద్దు. ఒక్కసారి స్టర్జన్ వేటకి వెళ్దాం. ఇన్నేళ్ళు ఇక్కడుండి ఆ చేపని చూడలేదంటే మా ఊళ్ళో పరువు పోతుంది" అన్నాడు.

అక్టోబరులో ఒక శనివారం తెల్లవారుజామున వాడు, నేను, పదేళ్ళ మా అమ్మాయి బయలుదేరాం. వాంకూవర్‌కి తూర్పున సుమారు వంద కిలోమీటర్లు వెళితే చిలివాక్. అక్కడ ఐలండ్ 22 రేవులో గైడ్ పడవతో సిద్ధంగా ఉన్నాడు. మామూలు లైసెన్సుతో పాటు స్టర్జన్‌కి విడిగా ఇంకొకటి తీసుకోవాలి. నది మీద పొగమంచు, దూరంగా చీయమ్ పర్వతం, ఫ్లాస్కులో అల్లం టీ, డబ్బాలో మా ఆవిడ కలిపిచ్చిన పులిహోర.

గైడ్ సాల్మన్ గుడ్లని నైలాన్ మేజోడు గుడ్డలో నిమ్మకాయంత మూట కట్టి గాలానికి గుచ్చాడు. గాలానికి ఎదురుముల్లు ఉండకూడదని ఇక్కడి నిబంధన. అది లేకపోతే తీయడం తేలిక, చేపకి గాయమూ తక్కువ. సీసం గుండు కట్టి ఎరని నది అడుగుకి దింపాడు. స్టర్జన్‌కి పళ్ళుండవు. మూతి కింద ఉన్న నాలుగు మీసాలతో అడుగంతా తడుముకుంటూ, నోరు గొట్టంలా చాపి ఎరని పీల్చుకుంటుందట.

మూడు గంటలు గడిచినా ఏమీ పడలేదు. పులిహోర మాత్రం అయిపోయింది. మావాడు పులస కబుర్లు మొదలుపెట్టాడు. వరదల రోజుల్లో ఆ చేప సముద్రంలోంచి గోదావరికి ఎదురీదుతూ రావడం, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఆగిపోవడం, పుస్తెలమ్మైనా పులస తినాలనే సామెత, అన్నీ మా అమ్మాయికి చెప్పాడు. వాళ్ళ అమ్మగారు మట్టి దాకలో పులుసు పెట్టి, మర్నాటిదాకా ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదట. "ఇప్పుడు అమ్మ పొయ్యి దగ్గర నిలబడలేదురా" అని ఊరుకున్నాడు.

అంతలో గాలం కర్ర కొస రెండుసార్లు మెల్లగా వంగింది. గైడ్ కేకేశాడు. మావాడు కర్ర అందుకుని లాగాడో లేదో, రీలు గిర్రున తిరిగి తాడు పరుగు తీసింది. వంద గజాల అవతల పెద్ద దుంగలాంటిది నీళ్ళలోంచి పైకెగిరి పడింది. మా అమ్మాయి కెవ్వుమంది. యాభై నిమిషాల పాటు వాడు కాసేపు, నేను కాసేపు పట్టుకున్నాం. చేతులు పడిపోయాయి.

అంత పెద్ద చేపని నీళ్ళలోంచి పైకి ఎత్తకూడదు. అందుకని గులకరాళ్ళ ఒడ్డు దగ్గర లోతు తక్కువ నీళ్ళలోకి తెచ్చి, మేమూ దిగాం. ఏడడుగుల రెండంగుళాలు! పొలుసులు లేవు, ఒంటి పొడవునా అయిదు వరసల ఎముక పలకలు. వయసు యాభైకి పైనే ఉంటుందని గైడ్ అంచనా. మా ఇద్దరికంటే పెద్దది! వీటిలో నూరేళ్ళు దాటి బతికేవీ ఉన్నాయి. స్టర్జన్ల వంశం డైనోసార్ల కాలం నుంచీ ఉంది.

"మామయ్యా, ఇంటికి తీసుకెళ్ళమా?" అంది మా అమ్మాయి. గైడ్ చెప్పిన సంగతులు మావాడు తెలుగులో వివరించాడు. 1890లలో మాంసం కోసం, గుడ్ల కోసం విపరీతంగా పట్టేసరికి, కొద్ది ఏళ్ళలోనే ఈ నదిలో ఇవి దాదాపు కరువైపోయాయి. ఆడచేప మొదటిసారి గుడ్లు పెట్టడానికే ఇంచుమించు ఇరవై ఏళ్ళు పడుతుంది, ఆ తరవాత కూడా ఏటా పెట్టదు. అందుకే 1994 నుంచి ఫ్రేజర్‌లో సరదాకి పట్టేవాళ్ళు ఎవరైనా స్టర్జన్‌ని వదిలిపెట్టాల్సిందే. "మనం ఒక్కపూట పులుసు పెట్టుకుంటే, ఇంతటిది మళ్ళీ ఎదగడానికి నువ్వు బామ్మవి కావాలమ్మా" అన్నాడు.

1997లో ఏర్పడిన ఫ్రేజర్ రివర్ స్టర్జన్ కన్జర్వేషన్ సొసైటీ తరఫున వాలంటీర్లు చేపలకి బియ్యపు గింజంత ట్యాగు పెడుతుంటారు. మా గైడ్ వారిలో ఒకడు. స్కానర్ పెట్టి చూస్తే దీనికి ట్యాగు లేదు. కొత్తది పెట్టి, పొడవూ చుట్టుకొలతా రాసుకున్నాడు. "ఇన్నాళ్ళకి దీనికి పీఆర్ కార్డు వచ్చిందిరా, నేను నాది వదిలేసి పోతుంటే" అని మావాడు నవ్వాడు.

ఆ తరవాత వీపు మీద చెయ్యి వేసి, అది పుంజుకునేదాకా ప్రవాహానికి ఎదురుగా పట్టుకున్నాడు. ఒక్కసారి తోక విదిల్చి, మా అందర్నీ నిలువునా తడిపి వెళ్ళిపోయింది. వాడు నడుంలోతు నీళ్ళలో అలాగే నిలబడిపోయాడు. నేనూ పిలవలేదు.

డిసెంబరులో వాడు వెళ్ళిపోయాడు. వాళ్ళ అమ్మగారు 2021 దాకా ఉన్నారు. మంచం మీంచి ఆవిడ కొలతలు చెబుతుంటే పులస పులుసు వాడే పెట్టేవాడట. ఇప్పటికీ ఆదివారం ఫోన్ చేస్తే, "మన చేప ఎవరికైనా కనబడిందా?" అని అడుగుతాడు. ఇంకా లేదు. గైడ్‌కి ఏటా ఫోన్ చేసి కనుక్కోవడం మా అమ్మాయి పని.

మీరూ ఒకసారి పిల్లల్ని తీసుకుని వెళ్ళండి. లైసెన్సులు ముందే తీసుకోండి, మారు బట్టలు మరిచిపోకండి. పులిహోర కాస్త ఎక్కువే పట్టుకెళ్ళండి.