శనివారం రాత్రి విత్‌డ్రా నొక్కితే

గత ఏడాది ఓ శనివారం రాత్రి నాన్నకి ఛాతీలో నొప్పి మొదలైంది. ఇబ్రహీంపట్నంలో ఫెర్రీ దగ్గరున్న మా ఇంటి నుంచి బెజవాడ ఆసుపత్రికి చేరేసరికి పది దాటింది. అరవై వేలు అడ్వాన్సు కట్టమన్నారు. ఫోన్ తీశా. బ్యాంకు ఖాతాలో నాలుగు వేల చిల్లర ఉంది. డబ్బు లేక కాదు. లక్షా ఎనభై వేలు ట్రేడింగ్ యాప్‌లో ఉంది.

విత్‌డ్రా నొక్కా. తర్వాతి పనిదినాన ఖాతాలో పడుతుందని వచ్చింది. అంటే సోమవారం!

అమ్మ నా మొహం చూసింది. "ఏంట్రా, లేవా?" ఉన్నాయని ఎలా చెప్పాలో అర్థం కాలేదు. నాన్న స్ట్రెచర్ మీద నుంచే చొక్కా జేబు చూపించారు. అందులో ఏటీఎం కార్డు. "పిన్ నీ పుట్టిన సంవత్సరమేరా" అన్నారు.

థర్మల్ ప్లాంటులో చేసి రిటైరైన మనిషి. పెన్షనంతా సేవింగ్స్ ఖాతాలో పడేసి ఉంచుతారని ఆయన్ని నేను వెక్కిరించని పండగ లేదు. స్టెంట్ వేశారు. ఇప్పుడు సాయంత్రాలు పవిత్ర సంగమం దాకా నడుస్తున్నారు.

అసలు ఇంటిఖర్చు డబ్బు యాప్‌లో ఎందుకు పెట్టానంటే, మార్కెట్ పడినప్పుడు కొనడానికని పైకి చెప్పేవాణ్ని. నిజమేంటంటే, బ్యాంకులో కనబడితే బిర్యానీలకీ ఫోన్ ఆఫర్లకీ పోతుందని భయం. మా టీంలోనే ఇంకో ముగ్గురు ఇలాగే దాస్తున్నారు. వాడని డబ్బుని బ్రోకరే అప్పుడప్పుడూ బ్యాంకుకి తిప్పి పంపేవాడు. నేను విసుక్కుని మళ్లీ యాప్‌లోకి తోసేవాణ్ని. నెలకో మూడు నెలలకో లెక్క తేల్చి మిగులు వెనక్కివ్వాలని సెబీ నిబంధన ఉందట. బ్రోకర్ దగ్గర మన డబ్బు పేరుకోకూడదనే.

ఆసుపత్రిలో నిద్రపట్టని రాత్రుళ్లు కార్వీ గురించి చదివా. ఊరూరా బోర్డులున్న మన హైదరాబాద్ కంపెనీ. ఖాతాదారుల షేర్లను తాకట్టు పెట్టి బ్యాంకుల్లో అప్పులు తెచ్చుకుంది. 2019 నవంబర్ 22న సెబీ ఆర్డర్ వచ్చింది. ఏడాది తర్వాత ఎన్‌ఎస్‌ఈ దాన్ని డిఫాల్టర్‌గా ప్రకటించింది. 2021 ఆగస్టులో ఛైర్మన్‌ని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. ఆ తర్వాత కట్టుదిట్టాలు పెరిగాయి. 2020 సెప్టెంబర్ నుంచి మార్జిన్ కోసం షేర్లు తాకట్టు పెట్టాలంటే మన ఓటీపీ కావాలి. షేర్లు మన పేరునే డీమ్యాట్‌లో ఉంటాయి. ఇంతవరకూ బాగానే ఉంది.

కానీ క్యాష్ సంగతి వేరు. బ్యాంకు మూతపడితే డిపాజిట్‌కి 5 లక్షల దాకా బీమా ఉంది. యాప్‌లో కనిపించే బ్యాలెన్స్ బ్యాంకు డిపాజిట్ కాదు, ఆ బీమా దానికి వర్తించదు. బ్రోకర్ మునిగితే ఎక్స్ఛేంజీ వాళ్ల ఇన్వెస్టర్ల రక్షణ నిధి ఉంటుంది. దానికో పరిమితి ఉంది, క్లెయిమ్ పెట్టాలి, కాగితాలు చూపించాలి, ఎదురుచూడాలి. షేర్ల వ్యాపారానికి పెట్టిన డబ్బైతే ఆగొచ్చు. ఆసుపత్రి కౌంటర్ ఆగుతుందా? పైగా అలా ఖాళీగా పడున్నందుకు నాకు రూపాయి వడ్డీ రాలేదు. నాన్న ఖాతాకి కొద్దో గొప్పో వచ్చింది.

ఇప్పుడు నాలుగు నెలల ఇంటిఖర్చు బ్యాంకులోనే, యూపీఐకి కలపని వేరే ఖాతాలో ఉంచా. బిర్యానీ భయం అలా తీరింది. షేర్లకి యూపీఐ బ్లాక్ వాడుతున్నా. ఐపీఓకి చేసినట్టే, కొనేదాకా డబ్బు మన ఖాతాలోనే ఆగి ఉంటుంది. 2025 ఫిబ్రవరి 1 నుంచి పెద్ద బ్రోకర్లు ఇదో, త్రీ-ఇన్-వన్ ఖాతానో ఇవ్వాలని సెబీ చెప్పింది. మీ యాప్‌లో ఉందేమో వెతకండి, సెట్టింగ్స్‌లో ఎక్కడో అడుగున ఉంటుంది.

ఆ లక్షా ఎనభై వేలు సోమవారం పడ్డాయి. అరవై వేలు నాన్న ఖాతాకి పంపా. ఆయన ఫోన్ చూసుకుని, "ఇవి ఇక్కడే ఉంచనా, నీ యాప్‌లో వెయ్యాలా?" అన్నారు. అమ్మ నవ్వాపుకోలేకపోయింది.