పాడైతే మళ్ళీ ఎక్కిద్దాం



నేను ఈ గ్రూపులో రెండేళ్ళ నుంచి ఉన్నా గానీ ఇంత పెద్దగా ఎప్పుడూ రాయలేదు. స్కాలర్‌షిప్ డేట్లు, నోటిఫికేషన్లు చూసుకుని పోయేవాణ్ణి. ఈ రోజు రాయడానికి కారణం మా హాస్టల్ రూమ్‌లో ఉండే ఒక తమ్ముడు. పేరు వద్దన్నాడు, అందుకే తమ్ముడు అనే రాస్తున్నా. పుట్టుకతోనే చూపు లేదు. మనవాడే, కోయ పిల్లోడు. డిగ్రీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం. నేను మూడో సంవత్సరం. మా ఇంట్లో కాలేజీ గేటు దాటిన మొదటివాణ్ణి నేను, వాళ్ళింట్లో తను.

తమ్ముడికి కంప్యూటర్ రాదనుకోవద్దు. విండోస్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ పెట్టుకుని నాకంటే స్పీడుగా టైపు చేస్తాడు. తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా, స్క్రీన్ రీడర్ అంటే తెర మీద ఉన్నది పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. మౌస్ అక్కర్లేదు, అంతా కీబోర్డు మీదే. ఎన్‌వీడీఏని 2006లో మొదలుపెట్టింది ఆస్ట్రేలియాకి చెందిన మైకేల్ కరన్, తర్వాత జేమ్స్ టే తోడయ్యాడు. ఇద్దరికీ చూపు లేదు. ఖరీదైన స్క్రీన్ రీడర్లు అందరూ కొనలేరని వాళ్ళే తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు.

ఈ సెమిస్టర్‌లో మావాడికి లినక్స్ ల్యాబ్ వచ్చింది. ల్యాబ్‌లో సిస్టమ్స్ మాట్లాడవు. అక్కడి సార్ చెడ్డవాడేం కాదు. "నువ్వు పక్కన కూర్చుని విను, రికార్డు ఎవరితోనైనా రాయించుకో, పరీక్షకి స్క్రైబ్‌ని ఇస్తాంలే" అన్నాడు. అలా నాలుగు వారాలు పక్కన కూర్చున్నాడు. ఒక రోజు రాత్రి అన్నం తిన్నాక నన్ను అడిగాడు, "అన్నా, లినక్స్ మాట్లాడదా?" అని.

నాకు తెలియదు. ఫోన్‌లో వెతికితే తెలిసింది, మాట్లాడుతుంది. ఓర్కా అనే స్క్రీన్ రీడర్ ఉంది, అదీ ఉచితమే. కానీ ఎక్కడ ఎక్కించాలి? ఉన్నది నా సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ ఒక్కటే, 8 జీబీ ర్యామ్. అది మా అమ్మ రెండు ఎండాకాలాలు తునికాకు కోసి, యాభై ఆకుల కట్టలు కట్టి, కల్లంలో అమ్మిన డబ్బులు. విండోస్ పోతే మళ్ళీ బాగుచేయించే స్తోమత లేదు. అందుకే వర్చువల్ మెషిన్‌లో పెడదాం అనుకున్నా.

వర్చువల్ మెషిన్ అంటే మన కంప్యూటర్ లోపల, సాఫ్ట్‌వేర్‌తో తయారైన ఇంకో కంప్యూటర్. దాని హార్డ్ డిస్క్ మన డిస్క్‌లో ఒక ఫైల్ మాత్రమే. నారుమడి లాంటిది అనుకోండి. మడిలో నారు పాడైతే మళ్ళీ పోసుకుంటాం, పొలానికి ఏమీ కాదు. దానికి వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది.

మొదటిసారి అంతా నేనే చేశా. తను పక్క మంచం మీద కూర్చున్నాడు. వర్చువల్ మెషిన్ మొదలవ్వలేదు, ల్యాప్‌టాప్ బయోస్‌లోకి వెళ్ళి వర్చువలైజేషన్ ఆన్ చేయాల్సి వచ్చింది. ఆ బయోస్ తెర ఏ స్క్రీన్ రీడర్‌తోనూ మాట్లాడదు, అక్కడ చూపున్నవాళ్ళ సాయం తప్పదు. తర్వాత డెబియన్ అనే లినక్స్‌ని మౌస్‌తో టకటకా క్లిక్ చేసి ఎక్కించేశా. ఓర్కా ఆన్ చేసి, "తీసుకో తమ్ముడూ, మాట్లాడుతోంది" అన్నా.

తను చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కాసేపు విన్నాడు. తర్వాత "ఎలా చేశావన్నా?" అన్నాడు. "అయిపోయింది కదా, ఇంకెందుకు?" అన్నా. ఏమీ మాట్లాడలేదు. పొద్దున్నే బ్రష్ చేసుకునే దగ్గర మెల్లగా అన్నాడు, "నువ్వు వచ్చే ఏడాది వెళ్ళిపోతావ్ కదన్నా, అప్పుడు ఇది పాడైతే నేను ఎవర్ని అడగాలి?"

అన్నలారా, అక్కలారా, ఆ మాట నాకు గట్టిగా తగిలింది. చిన్నప్పుడు కుల ధ్రువీకరణ పత్రం కోసం నాన్నతో ఒక సెంటర్‌కి వెళ్ళా. అక్కడ ఒకాయన ఫారం మొత్తం తనే నింపి, నాన్న వేలు పట్టుకుని ముద్ర వేయించాడు. నాన్న "ఏం రాశారు సారూ?" అంటే, "నీకెందుకు, పని అయ్యింది కదా" అన్నాడు. దారి పొడవునా నాన్న ఏం మాట్లాడలేదు. ఆ రోజు ఆయన మీద నాకు ఎంత కోపం వచ్చిందో ఇప్పటికీ గుర్తే. మరి నేను తమ్ముడితో అన్నదేంటి? అదే మాట.

ఆ సాయంత్రమే ఆ మెషిన్ డిలీట్ చేసేశా. "కీబోర్డు నీది. నేను చదివి చెప్తా అంతే" అన్నా.

రెండోసారి కూడా తప్పు చేశా. సెట్టింగ్స్ మాత్రం తొందరగా నేనే పెట్టి ఇచ్చా. తమ్ముడు మెషిన్ స్టార్ట్ చేశాడు, నొక్కాల్సింది నొక్కాడు, నిశ్శబ్దం. మళ్ళీ చేశాడు, నిశ్శబ్దం. గంట సేపు కుస్తీ పట్టాం. "నాకు రాదేమో అన్నా" అన్నాడు. చివరికి చూస్తే, ఆడియో టిక్ తీసేసి ఉంది. మెషిన్ తేలికవుతుందని నేనే తీసేశా. నాకు శబ్దంతో పని లేదు కాబట్టి అది అనవసరం అనిపించింది. తనకి ఉన్నదే శబ్దం. తప్పు నాది, గంట సేపు అనుమానపడింది తను.

మూడోసారి సెట్టింగ్స్ కూడా తనే పెట్టుకున్నాడు. మీలో ఎవరికైనా పనికొస్తుందని వరసగా రాస్తున్నా.

డెబియన్‌లో నెట్ ఇన్‌స్టాల్ అనే చిన్న ఫైల్ ఉంటుంది, ఒక జీబీ కన్నా తక్కువ. మిగతాది ఎక్కించేటప్పుడు దించుకుంటుంది. రోజుకి ఒకటిన్నర జీబీ డేటాతో బతికే మనకి అదే నయం. వర్చువల్‌బాక్స్‌లో మెనూలు, బటన్లు చాలావరకు ఎన్‌వీడీఏ చదివింది. చదవని చోట నేను చెప్పా. కొత్త మెషిన్ చేసేటప్పుడు అన్‌అటెండెడ్ ఇన్‌స్టలేషన్ వద్దు అని పెట్టాలి. లేకపోతే దానంతట అదే ఎక్కుతుంది, మనకి మాటా రాదు, అడగడమూ ఉండదు. ర్యామ్ 2 జీబీ, డిస్క్ 25 జీబీ ఇచ్చాం. ఆడియో అవుట్‌పుట్ టిక్ ఉందో లేదో తమ్ముడు రెండుసార్లు చూసుకున్నాడు, నన్ను నమ్మలేదు.

తర్వాత చిక్కు ఏంటంటే, ఎన్‌వీడీఏ, ఓర్కా రెండూ ఇన్సర్ట్ కీనే వాడతాయి. లోపల ఓర్కా కోసం నొక్కితే బయట ఎన్‌వీడీఏ లాగేసుకుంటుంది. అందుకే వర్చువల్ మెషిన్ విండోలోకి వెళ్ళాక ఇన్సర్ట్, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కాలి. ఆ విండో వరకు ఎన్‌వీడీఏ నిద్రపోతుంది. మళ్ళీ విండోస్‌లోకి రావాలంటే ముందు కుడివైపు కంట్రోల్, ఆ తర్వాత ఆల్ట్ ట్యాబ్. ఈ కుడి కంట్రోల్ సంగతి తెలియక మొదట్లో లోపలే ఇరుక్కుపోయాం.

డెబియన్ బూట్ మెనూ వచ్చాక ఎస్ కొట్టి ఎంటర్ నొక్కితే మాటతో ఇన్‌స్టలేషన్ మొదలవుతుంది. మామూలు కంప్యూటర్‌లో మెనూ వచ్చినట్టు బీప్ వినపడాలి, వర్చువల్‌బాక్స్‌లో మాకు వినపడలేదు. తమ్ముడు స్టార్ట్ నొక్కి పది లెక్కపెట్టాడు. ఎస్, ఎంటర్. ఒక అర నిమిషం ఏమీ లేదు. నా గుండె దడదడ. అప్పుడు ఇయర్‌ఫోన్‌లో మర మనిషి గొంతు వచ్చింది. తమ్ముడు ఒక ఇయర్‌ఫోన్ తీసి నా చెవిలో పెట్టాడు.

అక్కడి నుంచి నా అవసరం లేదు. ప్రతి ప్రశ్నకి జవాబులు నంబర్లతో చదువుతుంది, కావాల్సిన నంబరు కొట్టి ఎంటర్ నొక్కడమే. రూట్ పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేస్తే మన యూజర్‌కే సుడో అధికారం వస్తుంది. డిస్క్ దగ్గరికి వచ్చేసరికి తమ్ముడి చేతులు ఆగిపోయాయి. "డిస్క్ మొత్తం వాడుకుంటుందంట అన్నా, అమ్మ ల్యాప్‌టాప్..." అన్నాడు. మా అమ్మని తనూ అమ్మ అనే అంటాడు. "అది మన 25 జీబీ ఫైల్‌రా, నారుమడి" అన్నా. నవ్వి నంబరు కొట్టాడు. డెస్క్‌టాప్‌గా తేలికగా ఉంటుందని మేట్ ఎంచుకున్నాడు. మధ్యలో నా డేటా అయిపోతే పక్క రూమ్ అన్న హాట్‌స్పాట్ ఇచ్చాడు. రాత్రి ఒంటిగంట దాటాక మెషిన్ రీస్టార్ట్ అయ్యి, లాగిన్ దగ్గర దానంతట అదే మాట్లాడింది. మాటతో ఎక్కిస్తే డెబియన్ ఆ ఏర్పాటు ఎక్కించిన సిస్టమ్‌లో కూడా ఉంచుతుంది. నేను మౌస్‌తో ఎక్కించినప్పుడు రానిది ఇదే.

వెంటనే స్నాప్‌షాట్ తీయించా. అంటే ఆ క్షణంలో మెషిన్ ఎలా ఉందో అలా దాచిపెట్టడం. మర్నాడు తమ్ముడు చేసిన పని వింటే నవ్వుతారు. కావాలని సిస్టమ్ ఫైళ్ళు తీసేసి దాన్ని పాడుచేశాడు. మళ్ళీ స్టార్ట్ చేస్తే నోరు పెగల్లేదు. స్నాప్‌షాట్ రీస్టోర్ కొట్టాడు, మళ్ళీ మాట్లాడింది. అలా మూడుసార్లు. "ఏంట్రా ఇది?" అంటే, "ఏదన్నా పాడుచేసి తిట్లు తినకపోవడం ఇదే మొదటిసారి అన్నా" అన్నాడు.

ఆ మాట నాకూ వర్తిస్తుంది. కొత్త వస్తువు మనింటికి వస్తే మొదట వినేది "ముట్టుకోకు, పాడైపోద్ది" అనే. కొన్నది ఎంత కష్టపడో తెలుసు కాబట్టి అంటారు, తప్పు కాదు. కానీ అదే భయంతో కాలేజీకి వస్తాం. పక్కవాడు ధైర్యంగా నొక్కి నేర్చుకుంటాడు, మనం చేతులు కట్టుకుని చూస్తాం. తమ్ముడికి ఇంకా ఎక్కువ. ఇంట్లో ముట్టుకోవద్దన్నారు, ల్యాబ్‌లోనూ ముట్టుకోవద్దన్నారు.

పోయిన వారం సార్‌ని అడిగి ల్యాప్‌టాప్ ల్యాబ్‌కి తీసుకెళ్ళాం. తమ్ముడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఎల్ఎస్, గ్రెప్, ఛ్‌మోడ్ అన్నీ తనే చేసి, ఒక చిన్న షెల్ స్క్రిప్ట్ రాసి చూపించాడు. సార్ వెనక నిలబడి చాలాసేపు చూశాడు. పరీక్ష కూడా ఇలాగే రాయనివ్వండి అంటే "పైన అడిగి చెప్తా" అన్నాడు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం చదువుకునే చోట వాళ్ళకి తగిన ఏర్పాట్లు చేయాలి. అది రాసి తమ్ముడే అర్జీ టైపు చేసి ఇచ్చాడు. జవాబు ఇంకా రాలేదు.

ఒక్క వెలితి ఉంది. గొంతుల లిస్టులో తెలుగు దొరికింది, మరలాగా ఉన్నా అర్థమవుతుంది. తమ్ముడు ఇంకా కిందకి వెళ్ళి కోయ కోసం వెతికాడు. మాకు కనపడలేదు. "ఎవరో ఒకరు చేస్తేనే కదన్నా తెలుగు వచ్చింది" అని ఊరుకున్నాడు. ఊరుకున్నాడని నేను అనుకోవట్లేదు, రోజూ రాత్రి ఆ గొంతులు ఎలా తయారుచేస్తారో వింటున్నాడు.

మీ గూడెంలో, మీ హాస్టల్‌లో చూపు లేని తమ్ముడో చెల్లో ఉంటే గ్రూపులో చెప్పండి. ఎక్కించి పెట్టం, పక్కన కూర్చుంటాం. ఎక్కడ ఆగిపోయినా అడగండి, జవాబు తమ్ముడే టైపు చేస్తాడు. పాడైతే మళ్ళీ ఎక్కిద్దాం.