వీరన్న కట్ట

వేంపల్లెలో మా వీధి చివర వేపచెట్టు కింద ఒక రాయి నడుము దాకా పూడిపోయి ఉండేది. పైన సూర్యచంద్రులు, వాళ్ల కింద శివలింగం, దాని ముందు కూర్చున్న మనిషి. గోలీలాటలో మాకు అదే హద్దు. అవ్వ మాత్రం పొద్దున్నే చెంబెడు నీళ్లు దాని మీద పోసి పొయ్యేది. "వీరన్నరా. మన గొడ్లను తోలకపోతాంటే అడ్డం పడి సచ్చినాడు" అనేది.

వాటిని వీరగల్లులంటారని కాలేజీకి పోయినాక తెలిసింది. పశువుల కోసమో, ఊరి కోసమో పోరాడి చనిపోయినవాళ్లకు నిలిపిన రాళ్లు. రాయలసీమలో ఎన్ని పొలంగట్ల మీద ఉన్నాయో! రేనాడు ఏలిన ధనంజయుడి పేరు మా జిల్లాలోనే కలమల్ల రాతి మీద 575 ప్రాంతం నుంచి నిలిచి ఉంది. తెలుగులో తొలి శాసనమని దాన్ని చదువుకుంటాం. మా వీరన్న రాతి మీద ఒక్క అక్షరం లేదు.

1999 ఎండాకాలంలో కార్గిల్ యుద్ధం వచ్చింది. అవ్వావాళ్ల డ్వాక్రా సంఘంలో ఒక పెద్దమ్మ కొడుకు మిలిటరీలో ఉన్నాడు. రాత్రి వార్తలప్పుడు పదిహేనుమందీ టీవీ ఉన్న ఇంట్లో చేరేవాళ్లు. పెద్దమ్మ టీవీకి వీపు పెట్టి కూర్చొని, మిగతావాళ్ల మొహాలు చూసేది.

సంఘం పుస్తకం రాసేది నేనే. మనిషికి రోజుకో రూపాయి, నెలకు 450. ఒక నెల డబ్బు ముందర పెట్టుకున్నాక పెద్దమ్మ, "ఈసారి వీరన్నకు కట్ట కట్టిద్దాం" అంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

రాయి చుట్టూ తవ్వించారు. మట్టిలోంచి మొదట అప్సరసలు బయటపడ్డారు, వీరుణ్ణి చెరో చేయి పట్టి తీసుకుపోతూ. ఇంకా తవ్వితే కత్తి, డాలు, పడిపోయిన మనుషులు, అట్టడుగున ఆవులు. అన్నేళ్లు మేం ఆడుకున్నది ఆ యుద్ధం మీదనే. పెద్దమ్మ ఆ ఆవుల మీది మట్టిని కొంగుతో తుడిచింది.

గండి గుడికి జనం పొయ్యే శ్రావణ శనివారం నాడు బెల్లం పంచారు. ఆ రాత్రి నేను పుస్తకం తెరిచి, అప్పు తీసుకున్నవారి గడిలో వీరన్న అని రాశాను. తిరిగి కట్టిన గడి దగ్గర ఆగాను.

"ఏం రాయాల అవ్వా?"

"ఎప్పుడో కట్టినాడని రాయి."

పెద్దమ్మ కొడుకు ఆ చలికాలం సెలవు మీద వచ్చాడు. బస్సు దిగి వచ్చి, పెట్టె కట్ట పక్కన దించి, వంగి బూట్ల తాళ్లు విప్పుకున్నాడు.