యాభై రూపాయల రాజమహల్

పూతలపట్టు నుంచి పిల్లలతో ఒక్కరోజు తిరుపతి వైపు పోయి రావాలని లెక్క వేస్తే, ఇంట్లో మొదటి కత్తెర మ్యూజియం మీదే పడుతుంది. రాళ్లు చూడ్డానికి టికెట్టా అంటారు. అదే ప్రశ్న బాడుగ కారు మీద రాదు, దారిలో తాగే కూల్‌డ్రింకుల మీద రాదు, సాయంత్రానికి విరిగిపోయే ప్లాస్టిక్ బొమ్మల మీద అసలే రాదు. ఒక్కరోజు షికారులో అన్నిటికంటే చౌకైనది మనం చూడబోయే చోటే, ఖర్చంతా దాని చుట్టూ ఉంటుంది అన్నది నా లెక్క. కోసేదేదో ఆ చుట్టూ ఉన్నదాన్ని కోయాలి.

దారిలోనే ఉన్న చంద్రగిరిని తీసుకోండి. కోటలోని రాజమహల్ పురావస్తు శాఖ చేతిలో ఉంది. టికెట్టు మనిషికి పాతిక రూపాయలు, పదిహేనేళ్ల లోపు పిల్లలకు అదీ లేదు. అంటే అమ్మానాన్నా ఇద్దరు పిల్లలూ వెళితే యాభై. కారు, భోజనం, చిల్లర కలిపి రోజుకు మూడు వేలు అనుకుంటే అందులో ఈ యాభై నూటికి రెండు రూపాయలు కూడా కాదు. దాన్ని మిగిల్చి మిగతాదంతా ఖర్చుపెట్టడం పెళ్లి చేసి తాళిబొట్టు దగ్గర పొదుపు చేసినట్టు. ఆ యాభైకి వచ్చేది తక్కువేం కాదు. కర్ర వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో మూడంతస్తులు లేపిన మేడ, లోపల రాతి శిల్పాలు, కంచు విగ్రహాలు. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజ్యం పెనుకొండకు, అక్కణ్ణుంచి ఇక్కడికీ చేరింది. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు కంపెనీకి మద్రాసు తీరం రాసిచ్చినప్పుడు ఆయన పైనున్నది చంద్రగిరి రాజులే. పాకాల దాటి వెళ్లే బస్సు కిటికీలోంచి ఇదంతా ఒక గుట్టలా కనిపించి వెనక్కి పోతుంది.

ఫోన్లో అన్నీ కనపడుతున్నాయి కదా అంటారు. కనపడతాయి, కానీ గోడ మందం కనపడదు. మిట్టమధ్యాహ్నం ఎండలోంచి ఆ కమానుల కిందికి అడుగుపెట్టగానే ఒంటికి తగిలే చల్లదనం తెరమీద లేదు. కర్ర లేకుండా మేడ ఎలా నిలబడిందని పిల్ల అడిగేది దాని కింద నిలబడినప్పుడే.

తిరుపతి పోయి దేవుణ్ణి చూడకుండా రావడమేంటి అన్నది ఇంకా గట్టి అభ్యంతరం. దర్శనం వద్దని కాదు, రెండూ ఒకే రోజులో కుక్కొద్దని. క్యూలో ఎన్ని గంటలు పడుతుందో చెప్పలేం. అది అయ్యేసరికి మిగిలేది అలసట, ఆ అలసటలోనే ఆటోకు అడిగినంత ఇచ్చేస్తాం. కూలి వదులుకుని వచ్చినవాళ్లకైతే పోయిన కూలే ఆ రోజు అసలు ఖర్చు, దాన్ని తొందరలో పారేసుకోకూడదు.

కోయాల్సిన మొదటి పద్దు కారు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు. గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు చింపి ఇస్తాడు. ఇంట్లో సగం మందికి ప్రయాణం ఉచితమైనప్పుడు బాడుగ కారు దర్జాయే తప్ప అవసరం కాదు. ముసలివాళ్లుంటే మాట వేరు.

తిండి దగ్గర మాత్రం నేను పిసినారితనం ఒప్పుకోను. ఇంటి నుంచి చిత్రాన్నం కట్టుకుపోతే పొద్దుటి టిఫిను తప్పుతుంది, మంచిదే. మధ్యాహ్నం మాత్రం ఒక మెస్సులో కూర్చుని తినాలి. పళ్లెం మధ్యలో పొగలు కక్కే రాగి సంగటి ముద్ద, దానికి గుంట చేసి పోసిన నాటుకోడి పులుసు, పక్కన చెనక్కాయల ఊరుబిండి. సంగటి ఇంట్లో దొరకదా అని నవ్వొచ్చు. దొరుకుతుంది, వండే మనిషికి మాత్రం ఆ పూట సెలవు దొరకదు. కడుపు నిండా ఒక్కసారి తిన్నవాళ్లు సాయంత్రం దాకా చిరుతిళ్లకు చేయి చాపరు. ఏసీ రెస్టారెంటులో కూర్చుంటే బిల్లు చదవండి: ఐదు శాతం జీఎస్టీ కట్టాల్సిందే, సర్వీసు చార్జి మాత్రం మన ఇష్టం. దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే చెప్పింది.

ఈ డబ్బు చీటీలో వేస్తే పెరగదా? పెరుగుతుంది, అందుకే దీన్ని చీటీ డబ్బులోంచి తీయకూడదు. మామిడి డబ్బును నమ్ముకోనూ కూడదు. 2025లో తోతాపురికి ఫ్యాక్టరీలు ఎనిమిది, ప్రభుత్వం నాలుగు కలిపి కిలోకు పన్నెండు రూపాయలని ప్రకటించాల్సి వచ్చిందంటే, ఆ పంట మీద షికారు పద్దు రాసుకోవడం ఎంత తెలివో తెలుస్తుంది. పాడి ఉన్న ఇంట్లో పదిహేను రోజులకోసారి పాల బిల్లు వస్తుంది. బిల్లుకు వంద పక్కన పెడితే ఆర్నెల్లకు పన్నెండు వందలు. నాలుగు భోజనాలకు ఎనిమిది వందలు, టికెట్లకు యాభై, మిగతా మూడు వందల యాభై మగవాళ్ల బస్సు చార్జీకీ ఆటోకూ. బొమ్మలకు ఇందులో పద్దు లేదు. శుక్రవారం మాత్రం బయల్దేరొద్దు, ఆ రోజు రాజమహల్ మ్యూజియానికి సెలవు.