మూసీ యొడ్డున ఒక బుధవారము

నేను హైదరాబాదు పోయినది ఊరు చూచుటకు గాదు. మా చెల్లెలికి బుద్ధి చెప్పుటకు. దాని కుమారునకు తొమ్మిదేండ్లు. రెండేండ్ల క్రిందట వానిని బడి మానిపించి యింటివద్దనే చదువు చెప్పుకొనుచున్నది. ఈ వార్త విన్ననాటినుండి మావారికి నిద్ర లేదు. పదునైదేండ్లుగా పంతులుపని చేయుచున్నవారికి, స్వయముగా మరదలే బడి యక్కరలేదన్నచో నెట్లుండునో సోదరీమణులే యూహింపగలరు. "2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టములో, ఆరేండ్లు మొదలు పదునాలుగేండ్లవరకు గల బిడ్డను పొరుగుననున్న బడిలో చేర్చుట తలిదండ్రుల విధియని వ్రాసియున్నది. మీ చెల్లెలు దానిని చదివినదా?" అని యడిగి, "నీవైనచో ఇంటిచదువు కష్టసుఖము లెరిగినదానవు. నీ మాట వినును" అని నన్ను రాజమహేంద్రవరములో గౌతమీ ఎక్స్‌ప్రెస్సు ఎక్కించిరి.

నిజమే, నేను బడి మొగ మెరుగనిదానను. మా నాయనగారు నన్ను మండువాలో ఎదుట కూర్చుండబెట్టుకొని శబ్దమంజరి, అమరము, రఘువంశము, పిమ్మట భారతము చెప్పిరి. చెల్లెలు నాకంటె ఏడేండ్లు చిన్నది. దాని నాటికి వారి పట్టుదల సడలి, దానిని బడికి పంపిరి. నా చదువు లోతుగానే సాగినది; అందుకు నేటికిని వారిని తలచి నమస్కరింతును. కాని నా ప్రక్కన కూర్చుండి నాతోపాటు తప్పు చదువుటకు మరియొక పిల్ల లేకుండెను. తప్పులన్నియు నావే, తిట్లన్నియు నావే. సాయంకాలము బడి విడిచిన పిల్లలు వీథిలో నవ్వుకొనుచు పోవుచుండగా కిటికీ కమ్ములు పట్టుకొని చూచుచుండెడిదానను.

తెల్లవారి సికింద్రాబాదులో దిగి, చెల్లెలి యింట స్నానము చేసి, కాఫీ త్రాగి, వెంటనే విషయము ఎత్తితిని. అది నవ్వి, "రేపు బుధవారము, అక్కా. మాతో వచ్చి చూడుము. చూచిన తరువాత తిట్టవచ్చును" అన్నది.

బుధవారమున ఏమున్నదనగా, వారివలెనే బిడ్డలకు ఇంట చదువు చెప్పుకొను ఏడు కుటుంబములవారు ఆనాడు ఒకచోట చేరుదురు. పిల్లలు పదునొకండుగురు, అందరికంటె చిన్నదానికి ఐదేండ్లు, అందరికంటె పెద్దపిల్లకు పదుమూడు. ఒక తల్లి ఉర్దూ లిపి నేర్పును. ఒక యింటి తండ్రి తబలా. ఇంకొకామె మేడమీది కుండీలలో ఆకుకూరలు పెంచుట చూపును. కంప్యూటరు కంపెనీలో పనిచేసి మానుకొన్న మా చెల్లెలిది లెక్కలపాఠము. తరగతులు లేవు, ఏ పాఠమైనను అందరు కలిసి కూర్చుండవలసినదే. నెలకొక బుధవారము బయటికి పోవుదురు. ఆ నెల వంతు సాలార్‌జంగు మ్యూజియమునకు వచ్చినది.

బస్సులో అఫ్జల్‌గంజు చేరి, నయాపూలుమీద నడచితిమి. వంతెన నడుమ పెద్దపిల్ల ఆగి, చిన్నవారిని పిట్టగోడవద్ద నిలిపి, 1908 సెప్టెంబరులో మూసీ పొంగి ఊరిని ముంచిన కథ చెప్పినది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూరుమందికి పైగా ప్రాణములు దక్కించుకొనిరట. అటువంటి వరద మరల రాకుండ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహామీద పైన రెండు జలాశయములు కట్టిరి: ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. ఐదేండ్ల పిల్ల ముక్కు మూసికొని క్రిందికి చూచి, "ఇంత నీరే కదా, ఎట్లు ముంచినది?" అని యడిగెను. పెద్దపిల్ల ఒక క్షణ మాలోచించి, తన సీసాలోని నీళ్ళు మెల్లగా నేలమీద ఒలికించినది. పిదప మిగిలినదంతయు ఒక్కసారి కుమ్మరించినది. చిన్నదాని కాళ్ళు తడిసినవి. పాఠము దానికి బోధపడినది. త్రాగుటకు నీళ్ళు లేవని మధ్యాహ్నము వరకు ఏడ్చినదనుకొనుడు. అది వేరు సంగతి.

ఆ మ్యూజియము ప్రధానముగా ఒక్క మనుష్యుని వ్యసనఫలము. నిజామునకు కొంతకాలము దివానుగా నుండిన మూడవ సాలార్‌జంగు, మీర్ యూసఫ్ అలీఖాను, సంతానము లేక 1949లో మరణించెను. ఆయనయు, ఆయన పెద్దలును కూడబెట్టిన వస్తువులను 1951 డిసెంబరులో దివాన్‌దేవిడీ భవనములో ప్రజలకు చూపనారంభించిరి. 1968లో మూసీ దక్షిణపుటొడ్డుననున్న యిప్పటి భవనమునకు మార్చిరి. చూడవలసినవి అనేకములు గలవు. కాని తల్లులు ముందే నిశ్చయించుకొనిరి: ఒకనాటికి రెండు వస్తువులే. ఈ నియమము నాకు నచ్చినది. అన్నియు చూచితిమనిపించుకొని కాళ్ళు వాచి ఇల్లు చేరువారిని ఎందరినో చూచితిని. నేనును వారిలో ఒకతెనే.

మొదటిది గడియారము. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీవారిది; మూడువందల యేబదికి పైగా భాగములు గలది. గంట కొట్టుటకు మూడు నిముషములు ముందుగా గడ్డపుబొమ్మ యొకటి తలుపు తెరచుకొని వచ్చి నిలిచి, వేళకు సరిగా ఎన్ని గంటలైన అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోవును. మరియొక ప్రక్క కమ్మరిబొమ్మ సెకండు సెకండునకు సుత్తి వేయుచునే యుండును. దానిని చూచుటకు ప్రతిగంటకును జనము మూగుదురు. మేము పండ్రెండు గంటల వేళకు పోయితిమి. మా చెల్లెలు పిల్లలను ముందు కూర్చుండబెట్టి ఎవరి పని వారికి చెప్పినది: చిన్నవారు దెబ్బలు లెక్కించవలెను, నడిమివారు గడ్డపుబొమ్మ వచ్చినది మొదలు గంట కొట్టువరకు కమ్మరి ఎన్ని దెబ్బలు వేయునో చూడవలెను, పెద్దవారు ఆ గడియారము రాత్రింబవళ్ళు కలిపి దినమునకు మొత్తము ఎన్ని గంటలు కొట్టునో చెప్పవలెను.

గంట కొట్టినది. ఐదేండ్లపిల్ల "పదుమూడు!" అన్నది. ఏడేండ్లవాడు, "పదుమూడు గంటలు ఉండవు" అని కసరెను. మా చెల్లెలి కొడుకు, "రైల్వేవారికి ఉండును. అక్కడ మధ్యాహ్నము ఒంటిగంటయే పదుమూడు" అనెను. చుట్టునున్న జనము నవ్విరి. చిన్నది మాత్రము నవ్వక, తాను మొదటి దెబ్బను రెండుమార్లు లెక్కించితినని తానే కనిపెట్టి చెప్పినది. తప్పును తాను పట్టుకొన్న ఆ మొగము చూచి నాకు నా మండువా జ్ఞాపకమునకు వచ్చినది. అక్కడ నా తప్పును నాయనగారు పట్టెడివారు గాని, అది రైల్వేవారికి ఒప్పగునని చెప్పు తొమ్మిదేండ్లవాడు లేడు.

నడిమివారి లెక్క నూట యెనుబదికి రెండుమూడు తక్కువగా వచ్చినది. గుంపులో ఎవరో అడ్డము నిలిచిరట. పెద్దవారి లెక్క మరియొక చిత్రము. పదునొకండేండ్ల బాలుడు ఒకటియు రెండును మూడు, మూడును మూడును ఆరు అని కాగితమునిండ కూడుచుండెను. పెద్దపిల్ల కాగితము ముట్టక, ఒకటికి పండ్రెండు, రెండునకు పదునొకండు, ఇట్లు జతపరచి, ఆరు జతలు, జతకు పదుమూడు, డెబ్బదియెనిమిది. పగటికి రాత్రికి కలిపి నూట యేబదియారు అని చెప్పినది. వాడు తన కూడిక ముగించి చూచుకొనగా డెబ్బదియెనిమిదియే వచ్చినది. వానికి కోపము వచ్చినది. కొంతసేపటికి, "ఆ జతల సంగతి మరల చెప్పుము" అని దాని ప్రక్కకు జరిగెను. నిజము చెప్పవలెనన్న, ఆ ఉపాయము నాకును తెలియదు. పావులూరి మల్లన తెనిగించిన గణితగ్రంథము మా యింట నుండెడిది గాని, ఆడపిల్లకు అది యెందుకని నాయనగారు విప్పలేదు.

పెద్దవారు చిన్నవారికి చెప్పుట మనకు క్రొత్త గాదు. మన వీథిబడులలో అక్షరములు వచ్చినవాడు రానివానిచేత ఇసుకలో దిద్దించెడివాడు. 1789లో మద్రాసులోని ఎగ్మూరున అనాథబాలుర బడికి అధికారియైన ఆండ్రూ బెల్లు అను తెల్లదొర, ఇక్కడి పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, తన బడిలోను పెట్టి, పెద్దపిల్లలచేతనే చిన్నపిల్లలకు చెప్పించి, ఆ పద్ధతిని 1797లో లండనులో పుస్తకముగా అచ్చువేయించెను. అది 'మద్రాసు పద్ధతి' యను పేరున ఇంగ్లండు బడులలో వ్యాపించినది. ఈ కథ మావారే నాకు చెప్పిరి. మరదలితో వాదించునప్పుడు మాత్రము వారికి జ్ఞప్తికి రాలేదు.

రెండవ వస్తువు మేలిముసుగు రెబెక్కా. బెంజోనీ యను ఇటలీ శిల్పి చెక్కిన పాలరాతి బొమ్మ. మొదటి సాలార్‌జంగు 1876లో రోమునుండి కొని తెచ్చెను. రాయి పలుచని వస్త్రమువలె మొగముమీద జారియుండును. పిల్లలు నేలమీద కూర్చుండి బొమ్మలు గీసిరి. ఈలోపల ఇద్దరు మగపిల్లలు కత్తులు చూచుటకు ఆయుధముల గదికి పరుగెత్తగా, ముగ్గురు తల్లులు పావుగంటసేపు వెదకిరి. తరగతి లేని బడిలో హాజరుపట్టిక యైనను ఉండవలెనని నేనంటిని. ఒకామె వెంటనే పిల్లల పేర్లు వ్రాసికొన్నది.

ఆవరణలో ఒకమూల కూర్చుండి పులిహోర తినుచుండగా పెద్దపిల్ల నా ప్రక్కకు వచ్చి, మా వాడు పిలిచినట్లే పెద్దమ్మా యని పిలిచి, "మీరును ఇంటనే చదివితిరట. మీతో ఎవరు చదివిరి?" అని యడిగినది. ఎవరును లేరంటిని. అది కొంతసేపు డబ్బామూత తిప్పుచు ఊరకుండి, ఇట్లు చెప్పినది: "చిన్నవారందరు నన్ను అడుగుదురు. చెప్పుట నాకిష్టమే. కాని నేనెవరిని అడుగుదును? అమ్మనే అడుగవలెను. అమ్మకు రానిది నాకును రాదు. నాయీడుది ఒకతె ఉండెడిది. మొన్న జూనులో బడిలో చేరినది. ఇప్పుడు నాతో పోట్లాడువారు కూడ లేరు."

అంతవరకు ఆ బుధవారము నాకు పండుగవలె నుండెను. ఆ మాటతో ముద్ద దిగలేదు. పదునొకండుగురి నడుమ కూర్చుండియు ఆ పిల్ల నా మండువాలోనే యున్నది.

దానికి పదునాలుగు నిండగానే జాతీయ సార్వత్రిక విద్యాపీఠమువారి పదవతరగతి పరీక్ష వ్రాయింతురట. 1989లో వెలసిన ఆ సంస్థ యుండుటచే బడికి పోనివారికిని పరీక్షాపత్రము దొరకును. ఏట రెండుమార్లు పరీక్షలు జరుగును. కావున మావారి భయములలో ఒకటి తీరినట్లే. కాని పరీక్ష వేరు, ఈడుజోడు వేరు.

ఆ రాత్రి చెల్లెలితో పోట్లాడితిని. కాని మావారు చెప్పి పంపిన పోట్లాట గాదు. ఐదేండ్లవారికి, తొమ్మిదేండ్లవారికి మీ బుధవారము బంగారము, ఏ బడిలోను అంతటి పాఠము నేను చూడలేదు. కాని పెద్దదానిని మీరందరు కలిసి జీతములేని పంతులమ్మను చేసితిరి, అది మీ కెవరికిని తట్టలేదా యని నిలదీసితిని. ఉద్యోగము మాని ఇంట కూర్చుండగల తల్లులకే ఈ బుధవారములు సాధ్యమనికూడ అంటిని. అది చాలసేపు మాటాడలేదు. తరువాత, "తట్టినది, అక్కా. నాలుగేండ్లు పోయినచో నా కొడుకును అక్కడనే యుండును. ఆలోచించిన కొలది భయమగుచున్నది" అన్నది. వాడు ప్రక్కగదిలో నిద్రించుచుండెను. మేమిద్దరము దీపము ఆర్పి, చీకటిలో చాలసేపు మాటాడుకొంటిమి. పెద్దపిల్ల తల్లితో చెప్పి, జూనులో బడికి పోవుదువా యని ఆ పిల్లనే అడుగవలెననియు, అది ఏమన్నను దానికే విడువవలెననియు అనుకొంటిమి.

అడిగిరి. ఆలోచించి చెప్పుదునన్నదట. అంతవరకు శనివారము సాయంకాలము ఫోనులో నాతో భారతము చదువుట కొప్పుకొన్నది. విరాటపర్వముతో మొదలుపెట్టితిమి. నేను అర్థము చెప్పగా ఊరకొనదు, ఎందుకట్లనవలెనని అడుగును. నాయనగారిని నేనట్లడిగి యెరుగను. రెండు ప్రశ్నలకు జవాబు తెలియక పుస్తకములు వెదకి మరుసటివారము చెప్పితిని.

మావారు మొదట ఈ యేర్పాటు విని పెదవి విరిచిరి. గడిచిన శనివారము పొయ్యిమీది పాలు దించి వచ్చుసరికి ఫోను వారి చేతిలో నున్నది. ఎదుట కాగితముమీద త్రిభుజము. "నా పాఠమునకు వేళయైనది" అంటిని. చేయి ఎత్తి నన్ను వారించి, "నీ కీచకుడు ఎక్కడికిని పోడు. ఈ పిల్ల నా లెక్కలో తప్పు పట్టినది, ఉండుము" అని మరల కాగితముమీదికి వంగిరి.