అడిగితే తప్పేం లేదు

పాడేరు నుంచి వచ్చి విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సులో దిగినరోజు మాకు ఏ బస్సు ఎటు పోతాదో తెలీదు. అడిగితే మన యాసకి నవ్వుతారని భయం. సంచులు మోసుకుని మద్దిలపాలెం హాస్టల్ దాకా నడిచేశాం.

ఊళ్లో కొండ, గెడ్డ చూసి దారి పట్టేవాళ్లం. ఇక్కడ బస్సు నంబరే గుర్తు: భీమిలికి 900 కె. షేర్ ఆటో ఎక్కేముందే రేటు అడగాలి.

మాలో ఒకడు రెండు నెలలు హాస్టల్ గేటు దాటలేదు, చదువు మానేసి ఇంటికెళ్లిపోతానన్నాడు. ఓ ఆదివారం మాతోపాటు బీచ్‌కి తీసుకెళ్లాం. తిరిగొచ్చేటప్పుడు "అన్నా, మద్దిలపాలెం ఆగుతాదా?" అని కండక్టర్ని వాడిచేతే అడిగించాం. ఎవరూ నవ్వలేదు.

ఈ ఏడాది కొత్త తమ్ముళ్ల కోసం కాంప్లెక్సులో ఎదురుచూసింది వాడే. మీరూ వస్తే ముందే చెప్పండి, మేముంటాం.