తైజే కొండ మీద మౌనం

ఫ్రాన్స్ వెళ్తున్నామంటే అందరూ ఈఫిల్ టవర్ గురించే చెప్పారు. అదీ చూశాం. కానీ ఆ దేశంలో మా మనసుకు పట్టిన చోటు వేరే ఉంది. బర్గండీ ప్రాంతంలో, ఓ చిన్న కొండ మీద ఉన్న పల్లెటూరు. పేరు తైజే.

పారిస్‌లో హైస్పీడ్ రైలెక్కితే గంటన్నర దాటాక మాకాన్ వస్తుంది. అక్కణ్నుంచి బస్సు. దారి పొడవునా ద్రాక్షతోటలు, పచ్చిక బయళ్లలో మేస్తున్న తెల్లటి ఆవులు. తీరా దిగేసరికి వీపున మూటలతో వందలమంది కుర్రకారు! ఏదో కాలేజీ క్యాంపుకి వచ్చామేమో అనుకున్నాం. కాదట, అంతా ప్రార్థనకే వచ్చారు. వేసవిలో ఇక్కడికి వారానికి వేలమంది వస్తారు. ఆదివారం నుంచి ఆదివారం దాకా టెంట్లలో, చెక్క గదుల్లో ఉంటారు. ముఖ్యంగా 15 నుంచి 35 ఏళ్లవాళ్ల కోసమే అయినా, మాలాంటి పెద్దవాళ్లకీ కొంత చోటుంటుంది. మా అబ్బాయి లియాన్‌లో చదువుతున్నాడు. వాడితో కలిసి వెళ్లాం.

రోజుకి మూడుసార్లు గంటలు మోగుతాయి. ఉదయం 8.15కి, మధ్యాహ్నం 12.20కి, రాత్రి 8.30కి ప్రార్థన. ఎక్కడివాళ్లక్కడ పని ఆపి మందిరంలోకి నడుస్తారు. గుమ్మం దగ్గర వలంటీర్లు ‘నిశ్శబ్దం’ అని రాసిన అట్టలు పట్టుకుని నిలబడతారు. లోపల గోడల వారన కొన్ని బల్లలున్నా చాలామంది నేల మీదే కూర్చుంటారు. ముందు నారింజరంగు బట్టలు, కొవ్వొత్తులు. మధ్యలో తెల్లటి అంగీలతో బ్రదర్స్. వాళ్లు దాదాపు 30 దేశాల వాళ్లు. కేథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ ఒకే కప్పు కింద! ప్రసంగం ఉండదు. ఒకే చిన్న పాటను మళ్లీ మళ్లీ పాడతారు. భజన కీర్తనలకి అలవాటుపడ్డ మనకి అదేమీ కొత్తగా అనిపించదు.

ఆ తర్వాత ఉన్నట్టుండి అన్నీ ఆగిపోతాయి. ఎనిమిది, పది నిమిషాలపాటు అంత జనంలో ఎవరూ ఒక్క మాట మాట్లాడరు.

మా గుంటూరు వైపు మైకు లేని ప్రార్థన ఊహించలేం. ఫలానావారి ఆపరేషన్, ఫలానా అమ్మాయి సంబంధం, ఫలానావాళ్ల ఇంటి లోను... అన్నీ పేరుపేరునా దేవుడికి అప్పజెబుతాం. అందులో తప్పేమీ లేదు, దేవుడికి కాక ఎవరికి చెప్పుకుంటాం? అయితే చెప్పడం అయ్యాక ఆమేన్ అని లేచిపోతాం. ఇక్కడ లేవనివ్వరు. మొదటిరోజు ఆ మౌనంలో నాకు వినిపించినవి పక్కవాళ్ల దగ్గు, నా కడుపులో ఆకలి. ఇంటిదగ్గర గ్యాస్ కట్టేశామా అన్న అనుమానం కూడా అప్పుడే రావాలా! మూడోరోజుకి గ్యాస్ గోల తగ్గింది. దాని వెనకే అసలు బెంగ బయటికొచ్చింది. చదువయ్యాక మావాడు ఇంటికొస్తాడా, అక్కడే ఉండిపోతాడా? రెండేళ్లుగా వాడి రాక కోసం ప్రార్థిస్తున్నాం. ఆ మౌనంలో జవాబేమీ రాలేదు. కానీ అడగడం దానంతటదే ఆగింది. అది నాకు బొత్తిగా కొత్త.

ముసలావిడ మాట

ఇంతకీ ఇదంతా ఎలా మొదలైంది? 1940లో రోజర్ అనే స్విట్జర్లాండ్ యువకుడు తగిన ఇల్లు వెతుక్కుంటూ సైకిల్ మీద ఇటొచ్చాడు. వయసు 25. యుద్ధం రోజులు, సగం ఖాళీ అయిన పల్లె. ఇక్కడే ఓ పేద ముసలావిడ అతనికి అన్నం పెట్టి, మేం ఒంటరివాళ్లం, ఇక్కడే ఉండిపో బాబూ అన్నట్టుగా అడిగింది. ఆ పిలుపులోనే రోజర్‌కి దేవుడి పిలుపు వినిపించింది. ఆకాశవాణి లేదు, దర్శనం లేదు. బైబిల్లో చిన్నారి సమూయేలు కూడా మూడుసార్లు పొరబడ్డాడు గదా, పిలిచింది ఏలీయే అనుకుని పరుగెత్తాడు. అంటే దేవుడి గొంతు ఆ పిల్లాడికి రోజూ వినే ముసలాయన గొంతులాగే వినిపించిందన్నమాట!

ఆ ఇంట్లో రోజర్ శరణార్థులను దాచాడు. వాళ్లలో యూదులూ ఉన్నారు. 1942లో జర్మన్ పోలీసుల కన్ను పడటంతో జెనీవాలో ఉండిపోయి 1944లో తిరిగొచ్చాడు. యుద్ధం ముగిశాక దగ్గర్లోని శిబిరంలో బందీలుగా ఉన్న జర్మన్లకి తనూ తన సహచరులూ తిండి పంచారు. నిన్నటిదాకా ఎవరికి భయపడ్డారో వాళ్లకే! 1962లో తెరిచిన ఈ సమాధాన మందిరాన్ని కట్టడంలో జర్మన్ యువకులే చెయ్యి వేశారు. 1971లో ఈస్టర్‌కి జనం పట్టక ముందు గోడనే పడగొట్టి టెంట్లు వేశారట.

బ్రదర్ రోజర్ 2005 ఆగస్టు 16న, 90 ఏళ్ల వయసులో, ఇదే మందిరంలో రాత్రి ప్రార్థనలో ఉండగా మతిస్థిమితం లేని ఒక స్త్రీ కత్తితో పొడవడంతో చనిపోయారు. అంత్యక్రియల్లో ఆయన వారసుడు బ్రదర్ అలోయిస్ ఆమెను క్షమించమనే ప్రార్థించారు. ఊరి పాత చర్చి పక్కన సమాధి ఉంది. మామూలు చెక్క సిలువ, చుట్టూ పూలమొక్కలు.

గిన్నెలూ ప్రార్థనలో భాగమే

ఇక్కడ పనివాళ్లుండరు. వచ్చినవాళ్లే వండాలి, ఊడవాలి, మరుగుదొడ్లు కడగాలి. మా వంతుకి గిన్నెలు వచ్చాయి. పెద్ద తొట్ల చుట్టూ చేరి నురగలో చేతులు ముంచుతుంటే మన పెళ్లిళ్ల వంటశాల గుర్తొచ్చింది. భోజనానికి ఇచ్చేది చెంచా ఒక్కటే. ఫోర్కూ లేదు, కత్తీ లేదు. మా ఆవిడ తెచ్చిన కందిపొడి డబ్బాని మాత్రం పోలండ్ పిల్లలు రెండు పూటల్లో ఖాళీ చేశారు. వెళ్లాలనుకునేవారు ముందే పేరు నమోదు చేయించుకోవాలి. ఏ దేశం నుంచి వచ్చారన్న దాన్నిబట్టి ఖర్చు మారుతుంది.

రాత్రి ప్రార్థన అయ్యాక కొందరు బ్రదర్స్ మందిరంలోనే ఉండిపోతారు. మనసులో మాట చెప్పుకోవాలనుకునేవాళ్లు వెళ్లి చెప్పుకుంటారు. కొందరు యువకులు వారమంతా మౌనంలోనే గడిపి, రోజూ కాసేపు ఒక బ్రదర్‌తోనో సిస్టర్‌తోనో మాట్లాడతారు. దేవుడు మీకిది చెబుతున్నాడని అక్కడ ఎవరూ తీర్పిచ్చెయ్యరు. నాకు నచ్చింది అదే. అయితే ఇంకో సంగతీ చెప్పాలి. గత దశాబ్దాల్లో కొందరు బ్రదర్స్ లైంగిక దాడులకు పాల్పడ్డారని 2019లో ఈ సంఘమే బయటపెట్టింది. మనసు విప్పి చెప్పేవాడు నిరాయుధుడు. వినేవాడి చేతిలో ఎంత అధికారం ఉంటుందో తెలుసుకోకుండా భక్తి గురించి మాట్లాడలేం.

శుక్రవారం రాత్రి సిలువను నేల మీద పరుస్తారు. ఒక్కొక్కరే మోకాళ్ల మీద వెళ్లి, ఆ చెక్కకి నుదురు ఆనించి, తమ బరువు అక్కడ దించుకుని వస్తారు. వరస చాలాసేపు సాగింది. లియాన్ వెళ్లాక చర్చి ముఖమే చూడని మావాడు కూడా ఆ వరసలో కనిపించాడు. మేం పలకరించలేదు.

మర్నాడు కొండ దిగువన సెయింట్ ఎటియన్ ఊట దగ్గరికి వెళ్లాం. చిన్న చెరువు, చెట్లు, వంతెన. అక్కడా మౌనమే నియమం. ముగ్గురం ఓ అరగంట ఊరికే కూర్చున్నాం. పైకి నడుస్తూ గేటు దాటాక వాడే మొదలుపెట్టాడు. మా ఆవిడ మధ్యలో ఏదో అనబోయి ఆగింది. నేనూ మాట్లాడలేదు. వాడు ఏం చెప్పాడన్నది మా ఇంటి సంగతి. చెప్పడం ఇంకా పూర్తికాకముందే మధ్యాహ్నం గంటలు మొదలయ్యాయి. దారి పక్కన ఉన్న రాతి గోడ మీద కూర్చుని మిగతాది కూడా విన్నాం.